నిద్ర బిళ్ళతో నా ఏడేళ్ళు
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా డిసెంబరు 17న మనం ఇలా కలుసుకుంటున్నాము. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో పెన్షను అనేది ప్రభుత్వం దయతలచి వేసే భిక్ష కాదు, ఉద్యోగి హక్కు అని స్థిరపడింది. ఆ తీర్పు గురించి, కరువు భత్యం బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి నాకంటే బాగా తెలిసినవారు ఇప్పటికే మాట్లాడారు. నాకిచ్చిన కాస్త సమయాన్ని నేను ఒక చిన్న బిళ్ళ గురించి చెప్పడానికి వాడుకుంటాను. అది మిరపగింజకంటే కొంచెం పెద్దది, అంతే. మన జేబుల్లో, మన దిండ్ల కింద, మన దేవుడి గూట్లో విభూతి పక్కన కూడా ఉంటున్నది. దాన్ని కొందరు నిద్ర బిళ్ళ అంటారు, కొందరు టెన్షన్ బిళ్ళ అంటారు, కొందరు నరాల బిళ్ళ అంటారు.

మన కొత్తపట్నం 1937లో రాజకీయ పాఠశాల నడిపి, ప్రభుత్వ నిషేధాన్ని ఎదిరించిన ఊరు. ధైర్యానికి పేరుపడ్డ ఊరు. నేను మాత్రం భయస్తుణ్ణి. 36 ఏళ్ళ సర్వీసులో ఒక్క మెమో కూడా తీసుకోలేదంటే అది నా సామర్థ్యం కాదు, నా భయం. ఆడిట్ పార్టీ వస్తుందంటే నాకు రెండు రాత్రుళ్ళు నిద్ర ఉండేది కాదు. అయినా ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళు ఏ బిళ్ళా మింగలేదు. 2008లో రిటైరయ్యాను. 2011లో నా భార్య పోయింది. ఆమె పోయిన నెల తరువాత రాత్రి రెండు గంటలకు గుండె దడదడ కొట్టుకుని లేవడం మొదలైంది. గుండెజబ్బేమోనని పరీక్షలు చేయించారు. గుండె బాగానే ఉందన్నారు. దిగులువల్ల వచ్చిన ఆందోళన ఇది, పదిహేను రోజులు రాత్రిపూట ఒకటి వేసుకోండి అని ఒక డాక్టరుగారు చీటీ రాశారు. అల్ప్రాజోలం, 0.25 మి.గ్రా.

చీటీ మీద పదిహేను రోజులని స్పష్టంగా ఉంది. ఆ చీటీ మీదనే నేను ఏడేళ్ళు మందు కొన్నాను.

ఆ మొదటి రాత్రి సంగతి మీకు నిజం చెప్పాలి. ఆ బిళ్ళ దేవుడిలా పనిచేసింది. అరగంటలో గుండె నెమ్మదించింది, తెల్లవారేదాకా ఒకటే నిద్ర. అంత చక్కగా పనిచేసే మందును మంచిదనే అనుకుంటాము కదా! పదిహేను రోజులయ్యాక మానదామని చూశాను. ఆ రాత్రి ముందుకంటే ఎక్కువ దడ వచ్చింది. చూశారా, నా జబ్బు ఇంకా తగ్గలేదు అనుకుని మళ్ళీ మందుల షాపుకు పోయాను. అది జబ్బు కాదని, మందు మానినందువల్ల వచ్చిన దడ అని అప్పుడు నాకు చెప్పినవారు లేరు. షాపులో అడిగినవారూ లేరు. రెండో ఏడు వచ్చేసరికి 0.25 చాలక 0.5 అయింది. నాలుగో ఏడుకు పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. పదిహేను రోజుల మందు రోజుకు 1 మి.గ్రా. అయి కూర్చుంది.

ఇంతకూ ఈ బిళ్ళ లోపల ఏం చేస్తుంది? నాకు తరువాత డాక్టరుగారు చెప్పినదాన్ని మన ఆఫీసు భాషలో చెబుతాను. మన మెదడులో గాబా అనే రసాయనం ఉంటుంది. పరుగెత్తే ఆలోచనలను అదుపు చేయడం దాని డ్యూటీ. ఈ బిళ్ళ ఆ గాబాకు సహాయకుడిగా వచ్చే తాత్కాలిక గుమాస్తా. వచ్చినవాడు చురుకైనవాడు. మొదటి వారంలోనే బల్లమీది ఫైళ్ళన్నీ కదిలిపోతాయి. పర్మనెంటు గుమాస్తా ఏం చేస్తాడు? పని వాడు చూసుకుంటున్నాడు కదా అని కుర్చీలో వెనక్కి వాలతాడు. కొన్నాళ్ళకు పని మరచిపోతాడు. అప్పుడు తాత్కాలికుణ్ణి ఒక్కసారిగా తీసేస్తే సెక్షను మొత్తం అల్లకల్లోలమవుతుంది. దీన్నే మందుకు శరీరం అలవాటుపడడం అంటారు. ఇది తాగుబోతుతనం కాదు, బుద్ధి బలహీనత కాదు. డాక్టరు చెప్పినట్టు వేసుకున్నవారికి కూడా కొన్ని వారాలలోనే రావచ్చు.

ఈ జాతి మందులకు బెంజోడయాజిపిన్లని పేరు. లియో స్టెర్న్‌బాక్ అనే రసాయన శాస్త్రవేత్త కనిపెట్టిన లిబ్రియం 1960లో బజారులోకి వచ్చింది. 1963లో వేలియం వచ్చింది. మనలో పెద్దవాళ్ళకు కాంపోజ్ పేరు గుర్తుండే ఉంటుంది, అదీ ఆ వేలియం మందే, అంటే డయాజిపామ్. అల్ప్రాజోలం 1981లో అమెరికాలో వచ్చింది. అంతకుముందు వాడిన బార్బిచ్యురేట్ నిద్రమందులు కొంచెం ఎక్కువైతే ప్రాణాలు తీసేవి. వాటికంటే ఇవి ఎంతో మేలని లోకమంతా సంతోషించింది. అలవాటు సంగతి తరువాత బయటపడింది. ఇంగ్లండులో న్యూకాసిల్‌లో హెదర్ ఆష్టన్ అనే ప్రొఫెసరు 1982 నుంచి 1994 వరకు ఈ బిళ్ళలు మానలేకపోయిన వారికోసమే ప్రత్యేకంగా ఒక క్లినిక్కు నడిపారు. నెమ్మదిగా తగ్గించుకుంటూ రావాలని ఆమె చెప్పిన పద్ధతి ఇప్పటికీ వైద్యులకు దారి చూపుతున్నది. అమెరికాలో మందుల నియంత్రణ సంస్థ 2020 సెప్టెంబరులో ఈ జాతి మందులన్నిటి మీదా దుర్వినియోగం, అలవాటు, మానినప్పటి ప్రమాదం గురించి పెట్టెకట్టిన హెచ్చరిక వేయాలని ఆదేశించింది.

దూరదేశాల సంగతి మనకెందుకంటారేమో. మన తెలుగునేల మీదే జరిగినది చెబుతాను. తెలంగాణలో కల్తీకల్లు గురించి మీరు పత్రికల్లో చదివే ఉంటారు. చెట్టుకల్లు చాలక, మత్తు రావడానికి క్లోరల్ హైడ్రేట్, డయాజిపామ్, అల్ప్రాజోలం కలుపుతారు. తాగేవాడికి తాను ఏం తాగుతున్నాడో తెలియదు. 2015 సెప్టెంబరులో ఆబ్కారీ శాఖ గట్టిగా దాడులు చేస్తే కల్తీ ఆగింది. ఆగితే మంచిదే కదా! కానీ నిజామాబాదు, మహబూబ్‌నగర్ తదితర జిల్లాలలో కల్లుకు అలవాటుపడినవారు ఫిట్లతో, వణుకుతో, పిచ్చిమాటలతో ఆసుపత్రులకు వచ్చిపడ్డారు. హైదరాబాదులో ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి కూడా ఎందరినో తీసుకువచ్చారు. కొందరు ప్రాణాలు కోల్పోయారు. మళ్ళీ 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీకల్లు తాగి మనుషులు చనిపోయారు. అక్కడ కూడా అల్ప్రాజోలం మాట వచ్చింది. కూలిపని చేసుకునేవాడికి కల్లులో తెలియకుండా వెళ్ళిన మందే నాకు మందుల షాపులో డబ్బులకు దొరికింది. వాడిని చూసి ‘అయ్యో తాగుబోతు’ అన్న నేను, ఇంటికి వచ్చి బిళ్ళ వేసుకుని పడుకున్నాను.

ఇక వయసు మళ్ళినవారికి ఇది చేసే చెడుపు గురించి. వయసులో ఉన్నవాడి ఒంట్లోంచి పోయినంత త్వరగా మన ఒంట్లోంచి ఈ మందు పోదు. కాలేయం నెమ్మదిస్తుంది. డయాజిపామ్ లాంటివి రోజుల తరబడి ఒంట్లో నిలవ ఉంటాయి. అందువల్ల పగటిపూట మగత, కాళ్ళ తడబాటు, మాట ముద్దకావడం, మతిమరుపు వస్తాయి. రాత్రి ఒంటికి లేచినప్పుడు పడిపోతాము. పడితే మన వయసులో తుంటి ఎముక విరుగుతుంది. అందుకే 65 ఏళ్ళు దాటినవారికి సాధ్యమైనంతవరకు వీటిని రాయవద్దని అమెరికా వృద్ధుల వైద్య సంఘంవారు బీర్స్ జాబితాలో చెబుతున్నారు. దీనికి తోడు మద్యం తాగినా, ట్రమడాల్ లాంటి గట్టి నొప్పి బిళ్ళలు, మత్తు దగ్గుమందులు కలిసినా ఊపిరే మందగించవచ్చు. గురక పెట్టి నిద్రలో ఊపిరి ఆగే జబ్బున్నవారికి కూడా ప్రమాదమే.

నా మటుకు నాకు మొదట పోయింది జ్ఞాపకం. సర్వీసులో ఆర్.సి. నంబరు చెప్తే ఫైలు ఏ బీరువాలో ఉందో చెప్పేవాణ్ణి. అలాంటివాణ్ణి 2015లో ఒంగోలు ట్రెజరీకి వెళ్ళి, ఎందుకు వచ్చానో గుర్తురాక, మెట్లమీద గంటసేపు కూర్చుని తిరిగి వచ్చాను. మా మనవరాలు ‘తాతయ్యా, ఈ కథ ఇందాకే చెప్పావు’ అంటే కసురుకునేవాణ్ణి. వయసు మీదపడింది అనుకున్నారు ఇంట్లో. నేనూ అదే అనుకున్నాను. బిళ్ళమీద ఎవరికీ అనుమానం రాలేదు.

ఇప్పుడు చెప్పబోయేది చెప్పడానికే నేను ఇవాళ ఈ మైకు ముందుకు వచ్చాను.

నాకొక మిత్రుడుండేవాడు. ఒకే సెక్షనులో ఎదురెదురు బల్లల మీద 11 ఏళ్ళు పనిచేశాము. మాకు చుట్టరికం లేదు, అయినా బావా అంటే బావా అనుకునేవాళ్ళం. ఆయన భార్యను నేను చెల్లెమ్మా అంటాను, ఆమె నన్ను అన్నయ్యా అంటుంది. 2016లో వాళ్ళ అబ్బాయి మిరప వ్యాపారంలో దెబ్బతిని, అప్పులవాళ్ళు ఇంటిమీదికి రావడం మొదలుపెట్టారు. బావకు నిద్ర పోయింది. సాయంత్రం సముద్రం వైపు నడకకు వెళ్ళినప్పుడు, ‘బావా, నీకు నిద్ర ఎలా పడుతోందయ్యా?’ అని అడిగాడు. నా జేబులో బిళ్ళల షీటు ఉంది. తీసి చేతిలో పెట్టాను. ‘ఏం కాదు, నేను ఐదేళ్ళుగా వేసుకుంటున్నాను, చూడు ఎలా ఉన్నానో’ అన్నాను. ఆయనకు అప్పటికే వెన్నునొప్పికి గట్టి బిళ్ళలు వాడుతున్నారని నాకు తెలుసు. అయినా అడగలేదు, ఆలోచించలేదు. నా బిళ్ళ 0.5. నాకు ఐదేళ్ళ అలవాటు, ఆయనకు మొదటి రోజు.

మూడో రాత్రి ఆయన ఒంటికి లేచి గుమ్మం దగ్గర పడిపోయాడు. తుంటి విరిగింది. ఆపరేషను చేశారు, కానీ మళ్ళీ లేచి నడవలేదు. మంచంలో పుండ్లు, ఆపైన ఊపిరితిత్తులలో నెమ్ము. పది నెలలకు, 2017లో వెళ్ళిపోయాడు. పన్నెండో రోజున వాళ్ళబ్బాయి ఒక సంచి సర్దుతూ, ‘మావయ్యా, నాన్న దిండు కింద ఈ షీటు దొరికింది. అప్పట్లో ఆసుపత్రిలో ఏం బిళ్ళలు వేసుకున్నారని అడిగితే మాకు తెలియలేదు’ అన్నాడు. ఎనిమిది బిళ్ళలు మిగిలి ఉన్నాయి. నేను ఆ అబ్బాయికి ఏమీ చెప్పలేదు. భోజనం చేయకుండా ఇంటికి వచ్చాను.

బిళ్ళవల్లనే పడ్డాడా, చీకట్లో కాలు తట్టుకుని పడ్డాడా, ఎవరూ తేల్చి చెప్పలేరు. డాక్టరుగారూ నాతో అదే అన్నారు. కానీ ఇచ్చినవాణ్ణి నేను.

ఆ సాయంత్రం ఇంట్లో ఉన్న బిళ్ళలన్నీ కాలవలో పారేశాను. ప్రాయశ్చిత్తం అనుకున్నాను. అది రెండో తప్పు. మొదటి రాత్రి నిద్ర లేదు. రెండో రోజు చేతులు వణికాయి, ఒళ్ళంతా చెమట, గోడమీద చీమలు పాకుతున్నట్టు కనిపించాయి. మూడో రోజు పొద్దున కాఫీ తాగుతూ ఫిట్స్ వచ్చి పడ్డాను. మా కోడలు నోట్లో ఏమీ పెట్టకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టింది, అది ఆమె తెలివి. ఆటోలో ఒంగోలు తీసుకుపోయారు. అక్కడ మానసిక వైద్యులు నన్ను అడిగిన మొదటి ప్రశ్న, ‘ఏ బిళ్ళ మానేశారు?’ అని. ఏడేళ్ళలో నన్ను ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆయన.

ఆయన మళ్ళీ అదే జాతి మందు మొదలుపెట్టారు. నేను వద్దని ఏడ్చాను. ‘మేడ ఎక్కినవాడు దూకి దిగకూడదు, మెట్లమీదుగా దిగాలి’ అన్నారు. కొద్దికొద్దిగా తగ్గిస్తూ, ప్రతి మెట్టు మీద కొన్ని వారాలు ఆపి, ఒళ్ళు కుదుటపడ్డాకే తరువాతి మెట్టు. ఉన్న మోతాదులో నూటికి ఐదు నుంచి పది వంతులు, రెండు నుంచి నాలుగు వారాలకు ఒకసారి తగ్గించడం ఇప్పుడు వైద్యులు సాధారణంగా చెబుతున్న మాట. మనిషిని బట్టి అది మారుతుంది. నాకు సంవత్సరం దాటింది. నేను గుమాస్తాను కదా, ఒక పాత రిజిస్టరులో గళ్ళు గీసి తేదీ, మోతాదు, నిద్ర గంటలు, దడ వచ్చిందా లేదా అని రాసుకున్నాను. కష్టమైన రోజులు ఉన్నాయి. అయితే ఆ రిజిస్టరు వెనక్కి తిప్పి చూస్తే కష్టమైన రోజుల మధ్య ఎడం పెరుగుతున్నట్టు కనిపించేది. 2018 నవంబరులో చివరి గడిలో సున్నా వేశాను. ఆరు నెలలకు నా జ్ఞాపకం చాలావరకు తిరిగి వచ్చింది. నిద్ర ఇప్పుడు ఐదు గంటలే. 75 ఏళ్ళవాడికి ఆ మాత్రం చాలు.

ఒక మాట తప్పుగా అర్థం చేసుకోవద్దు. ఈ మందులు విషం కాదు. ఫిట్స్ ఆపడానికి, తాగుడు మాన్పించేటప్పుడు, ఆపరేషనుకు ముందు, భరించలేని ఆందోళనకు కొద్ది రోజులు, వీటి అవసరం ఉంది. చెడ్డది మందు కాదు, గడువు దాటిన చీటీ. కాబట్టి నేను మిమ్మల్ని కోరేవి ఇవి:

1. ఇవాళ ఇంటికి వెళ్ళి మీ బిళ్ళల షీట్ల వెనుక పేర్లు చదవండి. అల్ప్రాజోలం, డయాజిపామ్, లోరాజిపామ్, క్లోనాజిపామ్, నైట్రాజిపామ్, క్లోర్‌డయాజిపాక్సైడ్ అని ఉంటే ఎన్నాళ్ళుగా వేసుకుంటున్నారో కాగితం మీద రాయండి.

2. ఉంటే భయపడి రేపే మానేయవద్దు. నాకు జరిగింది చూశారు. ఆ కాగితంతో డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఒంగోలు, గుంటూరు పెద్దాసుపత్రులలో మానసిక వైద్య విభాగాలున్నాయి. అక్కడికి వెళ్ళడం పరువు తక్కువ పని కాదు.

3. మీ బిళ్ళ ఇంకొకరికి ఇవ్వవద్దు. ఇంకొకరి బిళ్ళ తీసుకోవద్దు.

4. చీటీ లేకుండా అమ్మమని షాపువాణ్ణి బతిమాలవద్దు. 2014 మార్చి నుంచి అల్ప్రాజోలం, డయాజిపామ్ లాంటివి హెచ్‌1 షెడ్యూలులో ఉన్నాయి. అమ్మినవాడు డాక్టరు పేరు, రోగి పేరు, ఎన్ని బిళ్ళలు ఇచ్చాడన్నది వేరే రిజిస్టరులో రాసి మూడేళ్ళు ఉంచాలి. రిజిస్టరు విలువ మనకంటే ఎవరికి తెలుసు? ఆ రోజుల్లో నా పేరు ఎవరైనా ఒక రిజిస్టరులో రాసి ఉంటే, ఏదో ఒకనాడు ఎవరో ఒకరు అడిగేవారు.

5. ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా వాడే మందులన్నీ చెప్పండి. కొత్త మందు రాస్తే ‘ఎన్నాళ్ళు వాడాలి, ఎలా మానాలి’ అని రెండు ప్రశ్నలు అడగండి.

6. పిల్లలకు నా మనవి. ఇంట్లో పెద్దాయన మరచిపోతున్నాడు, తూలుతున్నాడు అంటే వయసు అని వదిలేయకండి. దిండు కింద చూడండి.

నిద్ర పట్టక, దిగులుతో మాట్లాడేవారు లేక ఉన్నవారు టెలీ మానస్‌కు 14416 నంబరుకు ఫోను చేయవచ్చు. 2022 అక్టోబరులో మొదలైంది, డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడతారు.

ఏటా మనం బతికే ఉన్నామని ట్రెజరీకి ధ్రువపత్రం ఇస్తున్నాము. ఆ ఫారాలు నింపడానికి సంఘం ఆఫీసుకు అందరమూ ఎలాగూ వస్తాము. ఆ రోజున ఎవరి మందుల చీటీలు వారు తెచ్చుకుంటే, ఒక డాక్టరుగారిని పిలిపించి చూపిద్దాం. ఇది సంఘానికి నా ప్రతిపాదన. కుర్చీలు వేసే పని, పేర్లు రాసే పని నాది.

చివరిగా ఒక్క మాట. బావ సంగతి నేను చెల్లెమ్మకు రెండేళ్ళపాటు చెప్పలేకపోయాను. 2019లో వెళ్ళి చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత లేచి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఈ సభలో చెప్పమంటావా అని మొన్న అడిగితే, ‘పేరు చెప్పొద్దు అన్నయ్యా, సంగతి మాత్రం చెప్పు. ఇంకొకళ్ళ ఇంట్లో పడకుండా ఉంటే చాలు’ అంది. ఆమె ఆజ్ఞ ప్రకారం చెప్పాను.